లేబుల్ లేని బ్యాటరీ

"ఆ బ్యాటరీ ఎవరు తయారుచేశారు మేడమ్?"

ఫోన్లో ఎయిర్‌లైన్స్ అమ్మాయి మర్యాదగానే అడిగింది. స్పీకరు పెట్టి ఉంది కాబట్టి హాల్లో నలుగురికీ వినిపించింది. దివాను మీద కూర్చున్న పిట్ట నోరు తెరిచేలోగా అన్నయ్య ముందుకు వంగాడు. ఎవరో బహుమతి ఇవ్వడానికి వేదిక మీదికి పిలిచినట్టు గొంతు సవరించుకున్నాడు.

"నేనే," అన్నాడు.

అవతల కీబోర్డు టకటక ఆగింది.

"అంటే... ఏ కంపెనీ సార్?"

"కంపెనీ గింపెనీ ఏం లేదమ్మా. ఒక్కో సెల్లూ ఏరి, నా చేత్తో నేనే అతికి, రేకు పెట్టెలో బిగించాను. కంపెనీ బ్యాటరీకి రెండింతలు పరిగెడుతుంది. కావాలంటే మా చెల్లెల్ని అడుగు."

వదిన అతని కాలు తొక్కింది. తొక్కి లాభం లేకపోయింది. చెప్పాల్సిందంతా అప్పటికే చెప్పేశాడు.

"సార్, వీల్‌చైర్ బ్యాటరీ మీద తయారుచేసిన కంపెనీ పేరు, ఏ రకం, ఎంత శక్తి అన్నీ ముద్రించి ఉండాలి. పరీక్ష పాసైన రకం అయ్యుండాలి. ఇంట్లో చేసింది గాల్లో వేడెక్కి అంటుకుంటే అందరికీ ప్రమాదం, మేం విమానంలో ఎక్కించుకోం. సారీ మేడమ్." ఆ అమ్మాయి గొంతులో నిజంగానే బాధ ఉంది. "మీ దగ్గర వేరే బ్యాటరీ ఉంటే సాయంత్రంలోగా దాని ఫోటో పంపండి. లేదంటే మీ కుర్చీ ఇంట్లోనే ఉంచి వచ్చేయండి. దిగినచోట మా తోపుడు కుర్చీ ఇస్తాం."

ఫోన్ పెట్టేశాక ముగ్గురూ అన్నయ్య వైపు తిరిగారు. గోడవార నిలబెట్టిన బండి మాత్రం, వెనక మూత తెరిచి, తన తప్పేమీ లేనట్టు చూస్తోంది. ఆ ఇంట్లో దాన్ని వీల్‌చైర్ అని ఎవరూ అనరు. బండి అనే అంటారు. అది వచ్చిన కొత్తలో, మీట ముందుకు నొక్కగానే వీధి చివరిదాకా తుర్రుమన్న చెల్లెల్ని చూసి అన్నయ్య తుర్రుపిట్ట అని పేరు పెట్టాడు. తుర్రు రాలిపోయి పిట్ట మిగిలింది.

రేపు మధ్యాహ్నం విమానం. పిట్ట పుట్టాక ఎక్కబోయే మొదటి విమానం. ఎల్లుండి సాయంత్రం, అది దిగే ఊళ్లోని పెద్ద నాటకశాలలో కొత్త నాటకం మొదటి ప్రదర్శన, దానికి లైటింగ్ పిట్టది. ఇన్నాళ్లూ గురువుగారి వెనక రెండో పేరుగా పనిచేసింది. ఈసారి పోస్టరు మీద ఉన్నది ఆమె పేరొక్కటే. వారం రోజులుగా ఆ పోస్టరు ఫోటోని తన మందుల షాపుకి వచ్చిన ప్రతి దగ్గువాడికీ, జ్వరంవాడికీ వదిన చూపిస్తూనే ఉంది.

"వివరాలన్నీ నాకు వదిలెయ్ అన్నావు కదా అన్నయ్యా," అంది పిట్ట చివరికి. "టికెట్ కొన్నప్పుడే బండి సంగతి చెప్పాను. పొడవు, ఎత్తు, బరువు అన్నీ పంపాను. బ్యాటరీ ఒక్కటే నువ్వు చూసుకుంటానన్నావు."

"చూసుకున్నానుగా! అంత మంచి బ్యాటరీని వాళ్లు వద్దంటారని నేను కలగన్నానా?"

"మంచిదని వాళ్లకెలా తెలుస్తుంది? దాని మీద ఒక్క అక్షరం లేదు."

"పనిచేసే వస్తువు మీద అక్షరాలెందుకే?"

అమ్మ అప్పటిదాకా గుమ్మానికి ఆనుకుని వింటోంది. రిటైరైనా ఆవిడలో బస్సు కండక్టరు ఎక్కడికీ పోలేదు. ఎంత గొడవలోనైనా అందరికీ వినపడేలా ఒక్క మాటతో తేల్చేస్తుంది.

"ఇంతోటి దానికి కొట్టుకోవడమెందుకు? బండి ఇంట్లో ఉంచెయ్. వాళ్లిచ్చే కుర్చీలో కూర్చో. నేనొస్తాను, తోస్తాను."

"నువ్వా?"

"ఏం, నా చేతులకేమైంది? కిక్కిరిసిన బస్సులో ఈ చివర్నించి ఆ చివరికి దూరినదాన్ని. నిన్ను తొయ్యలేనా?"

పిట్టకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. అమ్మ నిజంగానే తోస్తుంది. మోకాళ్లు నొప్పెట్టినా పైకి చెప్పదు. అదే పిట్ట భయం.

"అమ్మా, అక్కడ నా పని ఏంటో తెలుసా నీకు? స్టేజీ మీద ఆర్టిస్టు నిలబడే ప్రతి చోటికీ నేను వెళ్లాలి. అక్కడ ఆగి, తలెత్తి, ఆ లైటు మొహం మీద ఎలా పడుతోందో చూడాలి. పైన నిచ్చెన మీద ఉన్నతనికి కొంచెం కిందికి, కొంచెం ఎడమకి అని చెప్పాలి. మళ్లీ జానెడు పక్కకి జరగాలి. మళ్లీ చూడాలి. రోజంతా అదే పని. ప్రతి జానెడుకీ 'అమ్మా తొయ్యి, అమ్మా ఆపు' అనాలా?"

"అంటే ఏమవుతుంది?"

"వాళ్లు నాతో మాట్లాడటం మానేసి నీతో మాట్లాడతారు. 'అమ్మగారూ, ఆవిణ్ని కొంచెం పక్కకి జరపండి' అంటారు. నా బండి లేకపోతే అక్కడ నేను లైటింగ్ డిజైనర్ని కాదమ్మా, సామాన్ని."

అమ్మ కొంగుతో గుమ్మం చెక్క తుడవడం మొదలుపెట్టింది. ఆ గుమ్మానికి దుమ్మేమీ లేదు.

అన్నయ్య మాత్రం హఠాత్తుగా వెలిగిపోయాడు. "లేబులేగా వాళ్లకి కావాల్సింది? సందు చివర స్టిక్కర్లవాడున్నాడు. మేం బాగుచేసే లిఫ్టుల్లో 'ఆరుగురికి మించి ఎక్కరాదు' అని అంటించేవి వాడే కొట్టిస్తాడు. కంపెనీ పేరేదో వేసి, అంకెలు వేసి, గంటలో తెచ్చేస్తాను. మెరుస్తూ ఉంటుంది. వాళ్ల తాతలు కూడా కనిపెట్టలేరు."

"లేబుల్ లేని సీసా నేను అమ్మితే నా షాపు మూయిస్తారు," అంది వదిన. "తప్పుడు లేబుల్ వేసి అమ్మితే నన్ను లోపలేస్తారు."

"అది మందు. ఇది బ్యాటరీ."

"సరే. మీరు 'ఆరుగురికి' అని స్టిక్కరు వేసిన లిఫ్టు నిజానికి ముగ్గుర్నే మొయ్యగలదనుకోండి. అందులో అత్తయ్యని ఎక్కిస్తారా?"

"నా బ్యాటరీ అబద్ధం కాదు!" అన్నయ్య గొంతు ఒక్కసారిగా లేచింది. "కిందటేడు వానలో ఈ పిట్ట రోడ్డు మధ్యలో ఆగిపోయి తడిసి ముద్దయి ఇంటికొచ్చిన రోజు గుర్తుందా నీకు? ఆ కంపెనీ బ్యాటరీ చేసిన నిర్వాకం అది. అప్పట్నుంచీ ఆదివారాలన్నీ పెట్టి ఇది కట్టాను. మళ్లీ ఎప్పుడైనా ఆగిందా? చెప్పు పిట్టా, ఒక్కసారి ఆగిందా?"

"ఆగలేదు," అంది పిట్ట.

"మరి?"

అందరూ ఆమె వైపే చూశారు. ఆ క్షణంలో పిట్ట మనసు స్టిక్కర్లవాడి కొట్టు దాకా వెళ్లి వచ్చిందని దాచడం ఎందుకు? వెళ్లింది. మెరిసే స్టిక్కరు అతికించుకుంది, విమానం ఎక్కింది, నాటకశాలలో తిరిగింది కూడా. తర్వాత ఆ స్టిక్కరు తనే పీకేసింది.

"నీ బ్యాటరీ మంచిదే అన్నయ్యా. రోజూ దాని మీదే కూర్చుంటున్నాను. నా ఒక్కదాని కింద ఉన్నంతసేపూ అది నా ఇష్టం. విమానంలో నాతోపాటు ఎక్కేవాళ్లని మాత్రం నేను అడగలేదు కదా. వద్దు. స్టిక్కరు మాట ఇంక ఎత్తకు."

అన్నయ్య ముఖం మాడ్చుకుని స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు.

"పాత బ్యాటరీ ఏం చేశారు?" అని వదిన అడిగింది. "కంపెనీతో వచ్చింది, నల్ల పెట్టెది."

అన్నయ్య నేల చూపులు చూశాడు. అమ్మ గుమ్మం తుడవడం ఆపింది.

"నా ఫ్యానుకి పెట్టాడు," అంది అమ్మ. "కరెంటు పోతే ఆగకుండా తిరగాలని. మంచంకింద ఉంది."

అంతే. ఇల్లంతా ఒక్కసారి లేచింది. వదిన మంచంకింద దూరింది. అన్నయ్య వైర్లు ఊడదీశాడు. అమ్మ "నా ఫ్యాను, నా ఫ్యాను" అంటూనే టార్చి పట్టుకుంది. దుమ్ము, సాలెగూడు తుడిచేసరికి నల్ల పెట్టె మీద తెల్లటి లేబుల్ బయటపడింది. కంపెనీ పేరుంది, రకం ఉంది, అంకెలున్నాయి, లోపలి యాసిడ్ ఒలకని రకం అని కూడా రాసి ఉంది. పోగొట్టుకున్న ఉంగరం దొరికినట్టు నలుగురూ దాన్ని తిప్పితిప్పి చూశారు. వదిన ఫోటో తీసి పంపింది. కాసేపటికి ఆ ఫోన్ అమ్మాయే మళ్లీ చేసింది.

"ఇది సరిపోతుంది మేడమ్! దీన్ని విప్పక్కర్లేదు, ఆపేసి ప్లగ్గు తీస్తే చాలు. రేపు కొంచెం ముందుగా రండి. ఇంకో మాట. విమానం తలుపు దాకా మీ కుర్చీలోనే ఉంటానని గట్టిగా అడగండి. ఎవరైనా ముందే దిగమంటే దిగకండి."

"మీరు చాలా మంచివారండీ," అంది పిట్ట.

"మా పెదనాన్నదీ ఇలాంటి కుర్చీయే మేడమ్," అని ఆ అమ్మాయి ఫోన్ పెట్టేసింది.

పాత పెట్టె బిగించి, కాసేపు చార్జింగ్ పెట్టి, అందరూ వీధిలోకి వచ్చారు. పిట్ట మీట నొక్కింది. బండి కదిలింది. ఎదురింటి గేటు దాటింది. మలుపు దగ్గర చిన్న ఎత్తు ఉంది. అక్కడ మూలిగి, వేగం తగ్గి, ఎత్తు మధ్యలో ఆగిపోయింది. వెనక ఓ ఆటో హారన్ మోగించింది.

వదిన పరిగెత్తుకెళ్లి వెనక మీట వదులు చేసి తోసుకుంటూ తెచ్చింది. పిట్ట నవ్వుతూనే వచ్చింది. "పర్లేదు. అక్కడ నాటకశాలలో ఎత్తులేవీ లేవు. మధ్యమధ్యలో చార్జింగ్ పెట్టుకుంటాను. ఎలాగో నెట్టుకొస్తాను."

అన్నయ్య లిఫ్టు మెకానిక్కు. మెట్లు కూలినా ఊరుకుంటాడు గానీ లిఫ్టు రెండంతస్తుల మధ్యలో ఆగిందంటే ఆ రోజు అన్నం సహించదు. ఆ పూట కూడా సహించలేదు.

మర్నాడు పిట్ట లేచేసరికి బండి తుడిచి, నూనె వేసి, మూత బిగించి సిద్ధంగా ఉంది. మీటకి దెబ్బ తగలకుండా వదిన మెత్తటి ఎర్ర సంచీ కుట్టింది. బండి వెనక దాని ఫోటోలు అతికించి, "ఈ పసుపు మీట కిందికి నొక్కితే చక్రాలు చేత్తో తిరుగుతాయి, పైకి ఎత్తితే బిగుస్తాయి, పక్కకి పడుకోబెట్టవద్దు" అని పెద్ద అక్షరాలతో రాసింది. అన్నయ్య ముఖం కడిగిన అద్దంలా ఉంది. నిన్నటి కోపం ఛాయ కూడా లేదు. పిట్టకి ప్రాణం లేచి వచ్చింది.

ఎయిర్‌పోర్టు గుమ్మం దగ్గర అమ్మ ఆమె జుట్టు సర్దింది. "నీళ్లన్నా తాగావా?"

"పొద్దున్నించీ తాగలేదమ్మా. ఆ విమానం బాత్రూమ్‌లోకి నన్ను తీసుకెళ్లేదెవరు? దిగాక ఓ కుండెడు తాగుతాను."

"ఒక్కదానివే వెళ్తున్నావు."

"అవునమ్మా. ఒక్కదాన్నే వెళ్తున్నాను," అంది పిట్ట. అమ్మ ఆ మాట దిగులుతో అంది. పిట్ట గర్వంతో అంది.

లోపల ఒకాయన వంగి, నల్ల పెట్టె మీది లేబుల్ చూసి, ఫోటోతో పోల్చుకుని, బండికి చీటీ కట్టాడు. "కుర్చీ ఇక్కడే ఇచ్చేయండి" అన్నాడు ఇంకొకాయన. "విమానం తలుపు దగ్గర ఇస్తాను" అంది పిట్ట. ఆయన మళ్లీ అన్నాడు. పిట్ట కూడా మళ్లీ అంది, ఈసారి నవ్వుతూ. ఆయనే తగ్గాడు.

ఆ పొడవాటి నడవాల్లో బండి ఎంత హాయిగా పరిగెత్తిందో! నున్నటి నేల, ఎత్తులు, వాలులు, మళ్లీ ఎత్తులు. సాయంగా వచ్చినతను "మేడమ్, కొంచెం మెల్లగా!" అంటూ వెనక ఆయాసపడ్డాడు. పిట్టకి చిన్నపిల్లలా కేక పెట్టాలనిపించింది. పెట్టింది కూడా, చిన్నదే. గాజు గోడకి అవతల విమానాలు ఎండలో వరసగా ఉన్నాయి. వాటిలో ఒకటి తనది.

తలుపు దగ్గర ఇద్దరు ఇరుకు కుర్చీ పట్టుకుని నిలబడ్డారు. సీట్ల మధ్య నడవలో పట్టడానికి చేసిన సన్నటి కుర్చీ అది.

"చంకల కింద పట్టి లాగకండి," అని చెప్పింది పిట్ట. "ఒకరు వెనకనుంచి నా చేతులు పట్టుకోండి, ఒకరు మోకాళ్ల కింద. నేను మూడు లెక్కపెడతాను. నేను అన్నాకే ఎత్తండి."

ఎత్తారు. చెప్పినట్టే ఎత్తారు. బండి మీది మెత్త తీసి పిట్ట తనతో ఉంచుకుంది. సామాన్లు ఎక్కించేవాళ్లకి పసుపు మీట చూపించింది. వాళ్లలో ఒకతను బండి వెనక పట్టుకుని ఎత్తి చూసి, "ఇలాంటివి చాలా ఎత్తాను, ఇంత తేలిగ్గా ఉన్నది చూళ్లేదు" అన్నాడు. పిట్ట ఆ మాట పొగడ్తలా అందుకుంది.

కిటికీ పక్క సీటు. కిందికి చూస్తే తన బండి, ఎర్రటి సంచీ తొడుక్కుని, సామాన్లు ఎక్కించే బెల్టు మీద మెల్లగా పైకి వస్తోంది. నిటారుగానే వస్తోంది. ఎవరూ పడుకోబెట్టలేదు. విమానం కడుపులోకి అది మాయమవుతుంటే పిట్ట కళ్లు చెమర్చాయి. తను, తన బండి, ఒకే విమానంలో!

మిగతావాళ్లు ఎక్కడం మొదలైంది. పక్క సీట్లో ఓ లావుపాటాయన కూర్చుని, చెప్పులు విప్పి, "మీకు చల్లగా ఉంటే చెప్పండమ్మా, ఆ గాలి నా వైపు తిప్పుకుంటాను" అన్నాడు. ముందు వరసలో ఒక తల్లి కవలల్ని చెరో ఒళ్లోకీ సర్దడానికి మొగుడితో పోట్లాడుతోంది. పిట్టకి అందరూ తనవాళ్లలా కనిపించారు. ఇంటికి ఫోన్ చేసింది.

"ఎక్కావా?" అన్నయ్య మొదటి రింగుకే ఎత్తాడు.

"ఎక్కాను! బండి కూడా ఎక్కింది. నా కళ్లతో చూశాను."

"ఎలా పరిగెత్తింది?"

"గాలిలా! ఎత్తులన్నీ అలవోకగా ఎక్కేసింది. నిన్న వీధిలో అలా ఎందుకు మొరాయించిందో గానీ, ఇవాళ..."

అన్నయ్య నవ్వాడు. దాచుకోలేని నవ్వు, కడుపునిండా వచ్చిన నవ్వు.

"మొరాయించదే పిచ్చిదానా. నిన్ను మధ్యలో ఆపేదాన్ని నీ కింద పెట్టి పంపిస్తానా? పెట్టె పాతదే, లేబులూ అసలుదే. లోపల సరుకు మాత్రం మనది."

పిట్టకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఫోన్ చెవికి గట్టిగా అదుముకుంది.

"ఏం చేశావన్నయ్యా?"

"నా సెల్లన్నీ విప్పి అందులో సర్దాను. సరిగ్గా సరిపోయాయి, కొలిచి చేయించినట్టు! స్టిక్కరు వద్దన్నావు, స్టిక్కరు వెయ్యలేదు. ఎవరు చూసినా ఏమీ తెలీదు. నాటకమంతా ఒక్క చార్జింగుతో లాగించెయ్."

"నిన్న నేను ఏమన్నాను?"

"విన్నానే. కానీ ఆ ఆటోవాడు హారన్ కొడుతుంటే నవ్వుతూ కూర్చున్నావు చూడు, ఆ నవ్వు నేను చూడలేకపోయాను. అంత పెద్ద నాటకశాలలో, అంతమంది ముందు, నువ్వు మళ్లీ అలా... పిట్టా? వింటున్నావా? ఏమీ కాదే. నా మీద నమ్మకం లేదా?"

నమ్మకం ఉంది. అదే ప్రాణం మీదికి వచ్చింది. ఆ బ్యాటరీ ఒక్కనాడు వేడెక్కలేదు, ఒక్కనాడు ఆగలేదు. గంటన్నర ప్రయాణం. నోరు మూసుకుని కూర్చుంటే సాయంత్రానికి స్టేజీ మీద ఉంటుంది. నోరు తెరిస్తే బండి దిగిపోతుంది, దాంతోపాటు తనూ దిగిపోతుంది. పోస్టరు మీద పేరు అలాగే ఉంటుంది, లైట్లు ఇంకెవరో వేస్తారు. "ఇందుకేనండీ ఇలాంటివాళ్లని పిలవం" అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట తనతో ఆగదు. తన తర్వాత బండి మీద వచ్చే ప్రతివాళ్లకీ తగులుతుంది. అన్నయ్య మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపంలోనే అతన్ని గట్టిగా కావలించుకోవాలనీ అనిపించింది.

ముందు వరసలో కవలల్లో ఒకడు సీటు సందులోంచి వెనక్కి చూసి, పిట్ట చేతిలోని మెత్తకేసి వేలు చాచాడు.

"పిట్టా, మాట్లాడవే!"

పిట్ట ఫోన్ పెట్టేసింది. తల పైన ఉన్న బొత్తాం అందలేదు. పక్కాయన్ని అడిగి నొక్కించింది. ఎయిర్ హోస్టెస్ చిరునవ్వుతో వచ్చి వంగింది.

"చెప్పండి మేడమ్?"

"తలుపు వేసేశారా?"

"ఇప్పుడే వేస్తున్నారండీ."

"వెయ్యొద్దని చెప్పండి," అంది పిట్ట.